పనిలేని మచ్చ

"వీటిలో మీది ఏదమ్మా?"

డిటెక్టివ్ బల్లమీద రెండు క్లిప్పులు పెట్టి చేతులు వెనక్కి తీసుకున్నాడు. రెండూ బూడిదరంగువే, రెండూ చేతికర్రకి తగిలించుకునేవే. కర్రని చుట్టి పట్టుకునే కడియం, దాని ముందు చిన్న పెదవిలాంటి వంపు, ఆ వంపు కింద రబ్బరు ముక్క. కర్రని బల్లకి ఆనిస్తే ఆ పెదవి బల్ల అంచుమీద కూర్చుంటుంది. కర్ర జారి కింద పడదు. ఇంతే దాని పని. ఇంత చిన్న పని కోసం ఒక పెద్ద కంపెనీ, ఇద్దరు లాయర్లు, ఒక డిటెక్టివ్ రోడ్డెక్కారంటే ఎవరికైనా నవ్వు రావాలి. ఆ గదిలో ఎవరికీ రాలేదు.

డిజైనర్ రెండు క్లిప్పులూ చేతిలోకి తీసుకుంది. కళ్ళతో చూడలేదు. బొటనవేలిని కడియం లోపలికి పోనిచ్చి ఒక చుట్టు తిప్పింది. రెండోదాన్నీ అలాగే తిప్పింది.

"రెండూ నావే."

"ఒకటి కంపెనీవాళ్ళు పంపింది."

"ఎవరు పంపితే ఏం సార్? రెండూ నావే."

"అది వాళ్ళు మీకన్నా ముందు తయారుచేసిందట. తేదీ వేసిన స్టిక్కరు కూడా అంటించి పంపారు."

"స్టిక్కరు నేనూ అంటిస్తాను. నేను పుట్టకముందు తేదీ వేసి మరీ అంటిస్తాను."

గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న అత్తగారు నవ్వింది. ఆవిడ కర్ర పక్కనున్న స్టూలు అంచుకి బుద్ధిగా వేలాడుతోంది. "ఏం నాయనా, మా పిల్లకి పరీక్ష పెడుతున్నావా? దానికి చిన్నప్పటి నుంచీ ఫస్టు మార్కులే," అంది. కోడలి చిన్నతనం ఆవిడ చూసింది లేదు. అయినా ఆ ఇంట్లో ఆ లెక్కలెవరూ వేసుకోరు.

డిటెక్టివ్ నవ్వి గడియారం చూశాడు. సాయంత్రం ఆరింటిదాకానే గడువు. మిక్సీలు, డబ్బాలు అమ్మే ఆ కంపెనీ ఈ క్లిప్పు ఆకారం తమదేనని, తాము రిజిస్టరు చేయించుకున్నామని ఆన్‌లైన్ సైటుకి ఫిర్యాదు పెట్టింది. సైటువాళ్ళు వెంటనే ఈ ఇంటి దుకాణం పేజీ మూసేశారు. ఆరులోగా సరైన జవాబు వెళ్ళకపోతే పేజీ శాశ్వతంగా పోతుంది. నకిలీలు అమ్మేవాళ్ళ జాబితాలో దుకాణం పేరు చేరుతుంది. ఆ జాబితాలో చేరినవాళ్ళని మిగతా సైట్లు కూడా గుమ్మం తొక్కనివ్వవు. పక్కగదిలో పైకప్పు దాకా పేర్చిన అట్టపెట్టెలు ఇక అక్కడే ఉండిపోతాయి.

"తేలికదారి ఒకటుందని పొద్దున్నే చెప్పాను," అన్నాడు డిటెక్టివ్. "రిజిస్ట్రేషన్ ఆకారానికే గాని పనికి కాదు. బల్ల అంచుమీద నిలబడాలంటే ఈ పెదవి ఇదే వంపులో ఉండాలి, ఇంకో వంపు పనిచేయదు అని మనం చూపిస్తే, ఆ వంపు ఎవరి సొత్తూ కాదు. కంపెనీ ఫిర్యాదు అక్కడే పడిపోతుంది."

"అప్పుడు నాది మాత్రం నా సొత్తవుతుందా?"

"అవదు."

"రేపు ఎవడైనా చేసి అమ్ముకోవచ్చు."

"రేపటి దాకా ఆగుతారని నేననుకోను."

"అంటే నన్ను గెలిపించి, నా క్లిప్పుని ఊరందరికీ పంచిపెట్టి వెళ్ళిపోతారన్నమాట." ఆమె గొంతు పెంచలేదు గాని క్లిప్పు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. "ఆ వంపు కుదరడానికి నాకు ఎన్ని రాత్రులు పట్టిందో తెలుసా సార్? గుండ్రటి అంచున్న బల్లకి ఒకలా, చెక్క అంచుకి ఒకలా, గాజుబల్లకి ఇంకోలా. అన్నిటికీ ఒకే వంపు సరిపోవాలి. అది నాది. నాది కాదనిపించుకుని గెలవడం నాకొద్దు."

డిటెక్టివ్‌కి ఆమె మీద గౌరవం కలిగింది. గౌరవం కలిగినప్పుడు అతను ప్రశ్నలు పదునుగా వేస్తాడు. ఆ అలవాటు మంచిదో చెడ్డదో అతనికే తెలియదు.

"అయితే ఇది చెప్పండి. ఈ క్లిప్పులో పనిలేని భాగం ఏదైనా ఉందా?"

ఆమె చిన్నబుచ్చుకుంది. "నా పేజీలో మొదటి వాక్యమే అది. ఇందులో పనిలేకుండా ఒక్క గీత కూడా లేదని రాసుకున్నాను."

"ఆ వాక్యం కంపెనీ లాయరుకి బాగా నచ్చి ఉంటుంది. పనిచేసే భాగం ఎవరు గీసినా ఒకేలా రావచ్చమ్మా. అది ఎవరిని చూసి ఎవరు చేశారో చెప్పదు. పనిలేనిది ఏదైనా ఉంటేనే నాకు ఉపయోగం."

అతను కంపెనీ పంపిన క్లిప్పుని కిటికీ వెలుగులో పెట్టి భూతద్దంలోంచి చూశాడు. కడియం లోపల, కర్రకి ఆనుకునే చోట, పప్పుబద్దంత గుండ్రటి నొక్కు ఉంది. దాని అంచున ఒకవైపు గోరు కత్తిరించిన ముక్కలాంటి చిన్న గాటు. రెండో క్లిప్పు తీసి చూశాడు. అదే నొక్కు, అదే చోట, గాటు కూడా అదే వైపు.

"ఇదేమిటి?"

ఆమె ముఖం ఎర్రబడింది. "మచ్చ సార్."

"దీని పని?"

"ఏమీ లేదు. అచ్చు పోసే మేస్త్రి చేసిన చండాలం. మొదటి లాట్‌లో లోపల అద్దంలా ఉండేది. రెండో లాట్ నుంచి ఈ మచ్చ పడుతోంది. ఎందుకని అడిగితే ప్లాస్టిక్ గుణం అన్నాడు. కర్రకి ఆనుకుంటుంది కదా, ఎవరికీ కనబడదులే అని ఊరుకున్నాను..."

ఆమె మాట మధ్యలో ఆగింది. రెండు క్లిప్పులూ లాక్కుని పక్కపక్కన పెట్టి చూసింది.

"నా కొత్త మచ్చ వాళ్ళ పాత నమూనాలోకి ఎలా వచ్చింది సార్?"

"మీ దగ్గరే ఒకటి కొని, మీ గుర్తు గీకేసి, పాత తేదీ అంటించి ఉంటే వస్తుంది. కానీ ఇలా నోటిమాటగా అంటే ఎవరూ నమ్మరు. మచ్చ ఎక్కడ పుట్టిందో నేను చూడాలి." డిటెక్టివ్ లేచాడు. "మేస్త్రికి ఫోను చేయకండి."

* * *

కానీ మేస్త్రికి అప్పటికే చుట్టం వచ్చి ఉన్నాడు.

మౌల్డింగ్ షెడ్డులో ఫ్యాను కింద, మరక అంటని తెల్లచొక్కాతో, కాలుమీద కాలేసుకుని కూర్చున్నవాడిని డిటెక్టివ్ గుమ్మంలోంచే గుర్తుపట్టాడు. ఆ చొక్కా ఎండలోనూ వానలోనూ ఒక్క మడత పడేది కాదు. అందుకే ఆ వృత్తిలో అందరూ అతన్ని ఇస్త్రీ అంటారు. ఒకప్పుడు డిటెక్టివ్ దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు కంపెనీల తరఫున పనిచేస్తున్నాడు. నిన్న ఆ నమూనా క్లిప్పు తెచ్చి సంతకం తీసుకుని అప్పగించింది కూడా ఇతనే.

"రండి గురువుగారూ. పావుగంట ఆలస్యం చేశారు."

"నువ్వు పావుగంట తొందరపడ్డావు. ఏమిటి పని?"

"ఏముంది? ఆ క్లిప్పు డై తీసుకెళ్ళిపోదామని. మేస్త్రిగారు పెద్దమనిషి, గొడవల్లో ఇరుక్కోవడం ఇష్టంలేక తనంతట తానే ఇచ్చేస్తున్నాడు."

మేస్త్రి తనంతట తాను ఇచ్చేస్తున్న మనిషిలా లేడు. చేతులు తుడుచుకున్న గుడ్డతోనే మళ్ళీ మళ్ళీ తుడుచుకుంటున్నాడు. అతని వెనక గొలుసుకి వేలాడుతోంది డై. క్లిప్పుకి రూపమిచ్చే ఉక్కు అచ్చు అదే. రెండు దిమ్మలు కలిసి మూసుకుంటాయి, లోపలికి కరిగిన ప్లాస్టిక్ పోతుంది, చల్లారాక దిమ్మలు విడిపోతాయి. అప్పుడు నాలుగు పిన్నులు వెనకనుంచి వచ్చి వస్తువుని బయటికి తోస్తాయి. ఈ షెడ్డుల్లో మొదటి నుంచీ ఒక పద్ధతి ఉంది. డై చేయించుకున్న మనిషిది, ఉండేది మేస్త్రి దగ్గర. సొంతదారుకి చెప్పకుండా దానిమీద ఒక్క మర కూడా తిప్పకూడదు.

"ఈ డై ఎవరిది?" అన్నాడు డిటెక్టివ్.

"ఆవిడదే సార్," అన్నాడు మేస్త్రి.

"ఆవిడకి చెప్పారా, ఇచ్చేస్తున్నట్టు?"

ఇస్త్రీ అందుకున్నాడు. "వివాదంలో ఉన్న సొత్తు గురువుగారూ. ఎవరిదో తేలేదాకా భద్రంగా ఉంచుతాం."

"కోర్టు ఉత్తరువు ఏదైనా ఉందా?"

"రేపు వస్తుంది."

"అయితే రేపు రా. వివాదంలో ఉన్న సొత్తైతే నువ్వూ ముట్టుకోకూడదు. వివాదం లేదంటే అది ఆవిడది. రెండింట్లో నీకేది ఇష్టమో చెప్పు, దాన్నిబట్టి మాట్లాడుకుందాం."

ఇస్త్రీ నవ్వాడు. నవ్వినప్పుడు కాలు కిందికి దించాడు. అది చూసి డిటెక్టివ్ మేస్త్రి వైపు తిరిగాడు.

"మేస్త్రీ, ఈ డైలో ఏదైనా భాగం మార్చారా?"

"లేదు సార్. వచ్చింది వచ్చినట్టే ఉంది."

"రెండో లాట్ మొదలుపెట్టేటప్పుడు?"

"లేదండీ."

"మరి మచ్చ?"

"అది ప్లాస్టిక్ గుణం సార్. ఒక్కోసారి సరుకు తేమగా వస్తుంది."

"తేమ వచ్చినప్పుడల్లా అదే చోట, అదే సైజులో, అదే వైపు గాటుతో వస్తుందా? చాలా క్రమశిక్షణ ఉన్న తేమ."

మేస్త్రి గుడ్డ ఇంకో చేతికి మార్చుకున్నాడు. డిటెక్టివ్ కోప్పడలేదు. కుర్చీ లాక్కుని అతనికి ఎదురుగా కూర్చున్నాడు.

"మీకు ఈ ఇస్త్రీచొక్కా సారు ఏమిస్తానన్నాడో నేనడగను. నేను చెబుతాను. వాళ్ళ డబ్బాల పని, మూతల పని అంతా మీకే ఇప్పిస్తానని చెప్పి ఉంటాడు. డై కావాలి కాబట్టి అన్నాడు. డై అతని బండి ఎక్కాక మీకు పని ఇవ్వాల్సిన అవసరం వాళ్ళకేముంది?"

మేస్త్రి ఇస్త్రీ వైపు చూశాడు. ఇస్త్రీ తన ఫోను చూసుకుంటున్నాడు.

"తెరవండి," అన్నాడు డిటెక్టివ్.

"నా కళ్ళముందు దాన్ని ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు," ఇస్త్రీ లేచాడు.

"అయితే కళ్ళు మూసుకో నాయనా."

మేస్త్రి ఒక్క క్షణం ఇద్దరి మధ్యా ఊగాడు. తర్వాత ఏమనుకున్నాడో, గొలుసు దింపి దిమ్మలు విడదీశాడు. గూటిలో ఉక్కు తళతళలాడుతోంది. నాలుగు పిన్నుల తలలు కనబడుతున్నాయి. మూడింటి తలలు ఒకేలా నున్నగా ఉన్నాయి. నాలుగోదాని మీద గ్రైండరు గీతలు, అంచున ఒకవైపు చిన్న చెక్కు. వేలితో తడిమితే మిగతా వాటికన్నా వెంట్రుకవాసి పైకి తగిలింది.

డిటెక్టివ్ చుట్టూ చూశాడు. నీళ్ళ కుళాయి దగ్గర అరిగిపోయిన సబ్బుముక్క ఉంది. తెచ్చి, ఆ పిన్ను తలమీద అదిమి తీశాడు. తడిసబ్బు మీద గుండ్రటి నొక్కు, దాని పక్కన గోరుముక్కంత గాటు దిగాయి. జేబులోంచి కంపెనీ పంపిన క్లిప్పు తీసి సబ్బు పక్కన పెట్టాడు. భూతద్దం ఇస్త్రీ చేతికి ఇచ్చాడు.

"చూడు. నేను నేర్పిన పనేగా."

ఇస్త్రీ చూశాడు. కావాల్సినదానికన్నా ఎక్కువసేపే చూశాడు.

"మచ్చ మా కంపెనీ డైలో మాత్రం పడకూడదా? మాదీ పిన్నులున్న డైయే."

"పడొచ్చు. పిన్ను పొడుగై ఉండొచ్చు. కానీ ఈ గాటు చేత్తో అరగదీసినప్పుడు వచ్చింది. మీ కంపెనీ పిన్నుని కూడా ఇదే మేస్త్రి, ఇదే గ్రైండరు మీద, ఇదే తొందరలో, ఇదే కోణంలో అరగదీశాడంటావా?"

మాట్లాడింది మేస్త్రి. గొంతులో ఏదో అడ్డం తీసేసినట్టు మాటలు బయటపడ్డాయి.

"రెండో లాట్ మొదలెట్టిన రోజే విరిగింది సార్. కొత్తది తెప్పించాలంటే మిషను ఖాళీగా కూర్చోవాలి. ఇంకో డైలో పిన్ను తీసి అరగదీసి పెట్టేశాను. కొంచెం పొడుగొచ్చింది. చెబితే ఆవిడ లాట్ మొత్తం నా మొహాన కొడుతుందని చెప్పలేదు. మొదటి లాట్ అప్పుడు ఈ పిన్ను ఈ డైలో లేనేలేదు."

"ఇదే మాట ఫోనుకి చెప్పండి."

డిటెక్టివ్ రికార్డు చేసుకున్నాడు. డైని, పిన్నుని, సబ్బుని, క్లిప్పుని ఫోటోలు తీశాడు. ఇస్త్రీ ఆపలేదు. చివరికి మాత్రం అన్నాడు.

"మొదటి లాట్‌లో ఈ మచ్చ లేదని ఎలా చూపిస్తారు? ఆ లాట్ ఎప్పుడో అమ్ముడైపోయింది, ఒక్క ముక్క కూడా మీ దగ్గర లేదుగా."

"మా దగ్గర లేదు. మీ దగ్గర ఉంది." డిటెక్టివ్ తన సంచిలోంచి కంపెనీ ఫిర్యాదు తీసి ఒక పేజీ తెరిచాడు. "ఆవిడ నకిలీ అమ్ముతోందని రుజువు చేయడానికి ఆవిడ పేజీలో ఫోటోలన్నీ మీరే అచ్చువేసి జతపరిచారు. ఆవిడ అమ్మకం మొదలుపెట్టిన రోజు పెట్టిన ఫోటో ఇది. కడియం లోపలి భాగం ఇంత పెద్దగా కనబడుతోంది. అద్దంలా ఉంది. అంటే ఆవిడ క్లిప్పుకి ఆ రోజు మచ్చ లేదు. ఆ రోజుకన్నా ముందే తయారైందని మీరు పంపిన క్లిప్పుకి మాత్రం ఉంది."

ఇస్త్రీ పప్పులో కాలేశాడని మేస్త్రికి కూడా అర్థమైంది. అతను తలవంచుకుని గుడ్డ మడతపెట్టుకున్నాడు.

"నాకిచ్చింది మోశాను గురువుగారూ," అన్నాడు ఇస్త్రీ. గొంతులో ఆ వెటకారం లేదు.

"తెలుసు. నువ్వే చేసుంటే ఆ మచ్చ కూడా గీకేసేవాడివి."

అది తిట్టో పొగడ్తో తేల్చుకోలేక ఇస్త్రీ చొక్కా చేతులు సర్దుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ఈ రోజు మీదే. నాకిచ్చిన జీతం మాత్రం ఆరింటికి అయిపోదు," అన్నాడు. అందులో బెదిరింపు లేదు. పనివాడి మాటలాగే ఉంది. అందుకే డిటెక్టివ్‌కి కొంచెం గుచ్చుకుంది.

* * *

నాలుగున్నరకల్లా జవాబు సైటుకి వెళ్ళిపోయింది. డిజైనర్ టైపు చేసింది, డిటెక్టివ్ వెనక నిలబడి అనవసరమైన విశేషణాలు కొట్టేయించాడు. 'మోసగాళ్ళు' అన్నమాట మూడుచోట్ల తీయించాల్సి వచ్చింది. ఆ తర్వాత ఇద్దరూ తెరవైపు చూస్తూ కూర్చున్నారు. అత్తగారు మాత్రం తన కుర్చీలో చక్కగా ఒక కునుకు తీసి లేచింది.

ఆరు కావడానికి ఇంకా కాస్త టైముండగా జవాబు వచ్చింది. కంపెనీ పంపిన నమూనా మీద వివరణ అడిగామని, అది వచ్చేదాకా దుకాణం పేజీ మళ్ళీ తెరుస్తున్నామని రెండే వాక్యాలు. డిజైనర్ ఆ రెండు వాక్యాల్నీ పైకి చదివింది, మళ్ళీ మనసులో చదువుకుంది, ఆ తర్వాత రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చింది. డిటెక్టివ్ కిటికీ వైపు తిరిగాడు. ఇలాంటి సమయంలో ఎటు చూడాలో అతనికి ఎప్పుడూ తెలిసేది కాదు. కానీ సంతోషంగానే ఉంది. చాలా రోజుల తర్వాత చేసిన పని పనిలా అనిపించింది.

"పేజీ అంతా వచ్చిందా? నేను రాసింది కూడా వచ్చిందా?" అంది అత్తగారు.

"మీరేం రాశారమ్మా?"

"రివ్యూ! మొట్టమొదటి రివ్యూ నాదే నాయనా. దుకాణం తెరిచిన రోజు రాత్రి రాశాను. ఎవరూ ఏమీ రాయకపోతే బోసిగా ఉండదూ? నాకు అందులో ఖాతా లేదు. ఎదురింటావిడ ఫోనులోంచి రాశాను. ఇదిగో, నా కళ్ళజోడు లోపలుంది, నువ్వు చదువు."

డిజైనర్ చేతుల్లోంచి ముఖం తీసింది. "అత్తయ్యా, అది ఇప్పుడెందుకు?"

"ఎందుకేమిటే? ఇంత కష్టపడ్డాడు, వినద్దూ?"

డిటెక్టివ్ నవ్వుతూ పేజీ కిందికి జరిపాడు. మొట్టమొదటి రివ్యూ అట్టడుగున ఉంది. ఆవిడకి వినబడేలా పైకి చదివాడు.

"'నా కర్ర రోజూ కింద పడేది. వంగి తీయబోయి ఒకసారి నేనూ పడ్డాను. అది చూసి మా కోడలు మర్నాడు మధ్యాహ్నం భోజనం మానేసి, ఆఫీసులో మిషను మీద ఈ క్లిప్పు చేసి సాయంత్రం పట్టుకొచ్చింది. ఆఫీసులో ఎవరికీ తెలియకుండా దొంగచాటుగా...'"

అతని గొంతు అక్కడ ఆగింది. మిగతాది లోపలే చదువుకున్నాడు. దొంగచాటుగా చేసిందట, అంత ప్రేమ నేనంటే, ఇలాంటి కోడలు అందరికీ దొరకాలి అని ఉంది.

"ఏ ఆఫీసమ్మా?" అన్నాడు.

అతను అడిగింది కోడల్ని. జవాబు చెప్పింది అత్తగారు. "ఇంకేదీ, ఆ దిక్కుమాలిన కంపెనీయే! ఇప్పుడు మన మీద పడ్డారు చూడు, వాళ్ళే. అక్కడ నాలుగేళ్ళు గొడ్డుచాకిరీ చేసింది. విశ్వాసం ఉందా వాళ్ళకి?"

డిజైనర్ కదల్లేదు. కన్నీళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

"మిక్సీ మూతలు గీసేదాన్ని," అంది మెల్లగా. "నమూనాలు చేసే మిషను ఒకటి ఉండేది. అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు చేశాను. ఒక్కటే. అత్తయ్య కర్రకి ఉన్నది అదే. ఆ తర్వాత ఏడాదికి ఉద్యోగం మానేసి, మళ్ళీ మొదటి నుంచీ గీసుకున్నాను. కానీ ఆ వంపు... ఆ వంపు ఆ రోజుదే."

"చేరేటప్పుడు సంతకం పెట్టారా?"

"పెట్టాను. ఆఫీసు మిషను మీద ఏం చేసినా అది వాళ్ళదే అని ఉంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు క్లిప్పు గురించి అడిగారు సార్. నా గురించి అడగలేదు."

నిజమే. ప్లాస్టిక్ గురించి, పిన్ను గురించి, పెదవి వంపు గురించి అడిగాడు. ఎదురుగా కూర్చున్న మనిషి ఇంతకుముందు ఎక్కడ పనిచేసిందో అడగలేదు. కొత్తగా చేరినవాళ్ళకి అతను మొట్టమొదట నేర్పేది ఆ ప్రశ్నే. తన మీద తనకే కోపం వచ్చింది. ఆమె మీద రావాల్సిన కోపం మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

"వాళ్ళకి తెలుసా?"

"తెలిస్తే ఈ దొంగ నమూనా ఎందుకు పంపుతారు? దుకాణం అత్తయ్య పేరుమీద ఉంది. ఏ కాగితంలోనూ నా పేరు లేదు. బాగా అమ్ముడవుతోంది కాబట్టి లాక్కుందామనుకున్నారు, అంతే."

డిటెక్టివ్‌కి అప్పుడు మొత్తం ఒక్కసారిగా కనబడింది. కంపెనీ ఆడింది పచ్చి అబద్ధం. కానీ ఆ అబద్ధం కింద, వాళ్ళకే తెలియని నిజం ఒకటి ఉంది. క్లిప్పు వాళ్ళదే. కనీసం సంతకం పెట్టిన ఆ కాగితం ప్రకారం వాళ్ళదే. పేజీ మూసి ఉన్నన్నాళ్ళూ ఆ నిజం కూడా దాంతోపాటు మూతపడి ఉంది. పొద్దుటి నుంచి తిరిగి తిరిగి, మేస్త్రిని ఒప్పించి, సబ్బుముక్క పట్టుకుని, తన చేత్తోనే దాన్ని తెరిపించాడు.

డిజైనర్ లేచి గుమ్మం వైపు నడిచింది. "ఎదురింటావిడని అడిగి తీయించేస్తాను."

"కూర్చోండమ్మా."

"రెండు నిమిషాలు సార్. ఎవరూ చూసి ఉండరు."

"గెలిచిన పది నిమిషాలకి మొదటి రివ్యూ మాయమైతే, అందులో ఏముందో అని వెతకడం మొదలుపెడతారు. చెరిపింది మీరేనని తేలితే ఇక నేను కాదు కదా, ఎవరూ మిమ్మల్ని కాపాడలేరు. కూర్చోండి. ఆలోచిద్దాం."

ఆమె నిలబడే ఉంది. ఆ సంగతేమీ అర్థంకాని అత్తగారు ఇద్దరి ముఖాలూ మార్చిమార్చి చూస్తోంది. "ఏమైందే? అక్షరాల్లో తప్పులున్నాయా? ఎదురింటావిడ బాగుందనే అందే," అంది.

డిటెక్టివ్ జేబులో ఫోను మోగింది. చూస్తే ఇస్త్రీ. ఎత్తకపోతే ఎత్తలేదన్నదే ఒక జవాబవుతుంది. ఎత్తాడు. గది చిన్నది, ఇస్త్రీ గొంతు పెద్దది. ప్రతి మాటా ముగ్గురికీ వినబడింది.

"గురువుగారూ, అభినందనలు. పేజీ వచ్చేసింది, ఇప్పుడే చూస్తున్నాను. మీరు చెప్పారుగా, ఏ కేసైనా అట్టడుగు నుంచి చదవమని. అలాగే చదువుతున్నాను. ఈ మొదటి రివ్యూ ఉంది చూశారూ, మనసుకి హత్తుకునేలా ఉంది. ఎవరు రాశారండీ?"

డిటెక్టివ్ నోరు తెరిచేలోగా అత్తగారి ముఖం విప్పారింది. కుర్చీలో ముందుకి జరిగి, ఫోనుకి బాగా వినబడేలా గొంతు పెంచింది.

"నేనే నాయనా! ప్రతి అక్షరం నిజం!"